సంఘపు లెక్కలకు నిఘంటువు
ఉన్న డేటాబేసునుండి దానిని తయారుచేయు విధము

సహకార సంఘమునకు ప్రాణము నమ్మకము. నమ్మకమునకు ఆధారము లెక్క. 1904 వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము మన దేశమున వచ్చినది మొదలు చిరకాలము ఈ లెక్క కాగితముపైననే యుండెను. సభ్యుల రిజిస్టరు, ఋణముల లెడ్జరు, రోజువారీ చిట్టా, వాటాల పుస్తకము, వీనిని గుమాస్తా వ్రాయుచుండెను, కార్యదర్శి సరిచూచుచుండెను, సభ్యుడు కోరినచో తన పుటను తానే చూచుకొనుచుండెను. నేడు ఆ పుస్తకములు కంప్యూటరులోనికి చేరుచున్నవి. 2022 జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము దేశమునందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను ఒకే తీరు సాఫ్టువేరు క్రిందికి తెచ్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది.

ఇది మేలైన పనియే. లెక్క త్వరగా తేలును. తప్పు త్వరగా పట్టుబడును. కాని పాత లెక్కలను క్రొత్త యంత్రములోనికి మార్చునపుడు ఒక ప్రశ్న పుట్టును. పాత పట్టికలలో ఏ గడియందలి అంకె యేమి చెప్పుచున్నది? దానికి సమాధానమును ఒకచోట వ్రాసి యుంచిన పత్రమును డేటా డిక్షనరీ అందురు. మేము దీనిని లెక్కల నిఘంటువని పిలుచుచున్నాము. ఇదివఱకే నడుచుచున్న డేటాబేసునుండి ఈ నిఘంటువును తయారుచేయు క్రమమును, దానిలో యంత్రము చేయగల పనిని, మనుష్యులు మాత్రమే చేయవలసిన పనిని ఈ వ్యాసమున సభ్యులకు విన్నవింతుము.

డేటాబేసు అననేమి?

కంప్యూటరునందు పట్టికలుగా కూర్చి దాచిన లెక్కల సముదాయమునకు డేటాబేసని పేరు. దీనిని సంఘపు బీరువాతో పోల్చవచ్చును. బీరువాలోని ఒక్కొక్క రిజిస్టరు ఒక్కొక్క పట్టిక. పట్టికకు నిలువు గడులుండును: సభ్యుని నంబరు, పేరు, గ్రామము, సర్వే నంబరు, విస్తీర్ణము, ఋణపు మొత్తము, గడువు తేదీ. అడ్డువరుస ఒక్కొక్కటి ఒక్కొక్క సభ్యునికో, ఒక్కొక్క ఋణమునకో చెందినది. ఇంతవఱకు కాగితపు పుస్తకమునకును దీనికిని భేదము లేదు.

భేద మెచ్చటననగా, కాగితపు రిజిస్టరులో గడి తలమీద "విస్తీర్ణము, ఎకరములు, సెంట్లు" అని తేటగా అచ్చువేసి యుండును. అంచున అవసరమైన గమనిక యుండును. కంప్యూటరు పట్టికలో గడి పేరు తఱచుగా ఇంగ్లీషు మాట కుదించిన ముక్క మాత్రమే. పాత డీబేసు, ఫాక్స్‌ప్రో ఫైళ్లలో గడి పేరు 10 అక్షరములకు మించరాదను నియమముండెను. అందుచేత "ఎక్స్‌ట్", "స్టాట్", "డ్యూడేట్2" వంటి పేరులు పుట్టినవి. ఆ పట్టికను కట్టినవానికి వాని అర్థము తెలియును. అతడు కొలువు విడిచి పోయిన తరువాత వచ్చినవానికి తెలియదు. వాడుకలో నుండి తెలిసికొన్న గుమాస్తాయు పదవీ విరమణ చేసినచో అంకెలు మాత్రము మిగులును. వాని అర్థము పోవును.

అర్థము వ్రాయని గడివలన కలిగిన చేటు

ఇది ఊహించి చెప్పు భయము కాదు. కంప్యూటరులు పుట్టకపూర్వము వ్రాసిన రిజిస్టరులవలననే మన పొరుగున ఆంధ్ర జిల్లాల రైతులు దీని ఫలమును అనుభవించిరి. బ్రిటిషువారి పాలనలో జరిగిన రీసెటిల్‌మెంటు రిజిస్టరులయందు పట్టాదారు పేరుండవలసిన గడిలో కొన్ని సర్వే నంబర్ల కెదురుగా పేరు వ్రాయక చుక్కలు పెట్టిరి. ఆ చుక్కలకు అర్థమేమి? హక్కుదారు తేలలేదనియా? ఎవరును వచ్చి అడుగలేదనియా? నేల సర్కారుదనియా? తరతరములు గడచిన పిమ్మట ఈ ప్రశ్నకు ఒకే తీరు సమాధానము చెప్పగలవారు లేకపోయిరి. ఆ నేలలకు "చుక్కల భూములు" అను పేరే నిలిచిపోయినది.

తాతల నాటినుండి దున్నుకొనుచున్న రైతులు సైతము, రిజిస్ట్రేషను చట్టపు 22-ఏ సెక్షను క్రింద నిషేధపు జాబితాలో తమ నేల చేరుటచే, అమ్ముకొనుటకును కుదువపెట్టుటకును వీలులేక చిక్కుపడిరి. దీనిని పరిష్కరించుటకై ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017 లో ప్రత్యేకముగా చుక్కల భూముల చట్టము చేయవలసి వచ్చినది. 2023 మే నెలలో 2 లక్షల ఎకరములకు పైబడిన చుక్కల భూములను నిషేధపు జాబితానుండి తొలగించుచున్నట్లు ప్రభుత్వము ప్రకటించినది.

సభ్యులు దీని నుండి ఒక్క మాట గ్రహింపవలెను. గడిని ఖాళీగా నుంచుట దోషము కాకపోవచ్చును. ఆ ఖాళీకి అర్థమేమో ఆనాడే ఒక పంక్తి వ్రాసి యుంచకపోవుటయే దోషము. ఆ పంక్తి వ్రాయుటకు చాలినది ఒక నిమిషము. దాని లోపమును సవరించుటకు నూఱేండ్ల తరువాత ఒక చట్టము కావలసినది.

మన యానాము ప్రాంతమున దీని అక్కఱ

ప్రతి సీమకును తన కొలతలు, తన మాటలు కలవు. మన సీమకు అవి రెట్టింపు. యానాము ఫ్రెంచివారి పాలనలో 1954 వఱకు నుండెను. 1962 ఆగస్టు 16 న చట్టరీత్యా భారతదేశమున కలిసెను. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో భాగమైనను, చుట్టును ఆంధ్రప్రదేశపు గ్రామములే. ఫ్రెంచి పద్ధతిలో నేలను హెక్టారులు, ఆర్లు, సెంటియార్లుగా కొలుతురు. హెక్టారునకు 100 ఆర్లు. ఆరునకు 100 సెంటియార్లు. సెంటియారు ఒక చదరపు మీటరు. గోదావరి జిల్లాలలో ఎకరములు, సెంట్లు. ఎకరమునకు 100 సెంట్లు. హెక్టారునకు సుమారు 2 ఎకరముల 47 సెంట్లు.

ఇప్పుడు ఒక పట్టికలో "ఎక్స్‌ట్" అను గడిలో 0.81 అని యున్నదనుకొందము. అది హెక్టారులైనచో రైతునకు 2 ఎకరముల నేల కలదు. ఎకరములైనచో 81 సెంట్లు మాత్రమే. పంట ఋణమును ఎకరమునకింత యను లెక్కపై ఇత్తురు గదా! ఒక్క కొలత పేరు వ్రాయనందున 2 ఎకరముల రైతునకు 81 సెంట్ల ఋణమే దక్కును. లేదా 81 సెంట్ల రైతుమీద 2 ఎకరముల ఋణము మోపబడును.

ధాన్యము బస్తాల సంగతియు నిట్టిదే. మన డెల్టాలో బస్తా యనగా రైతులు సామాన్యముగా 75 కిలోలని యెంచుదురు. కొనుగోలు కేంద్రపు గోనెసంచిలో 40 కిలోలు పట్టుదురు. "బస్తాలు: 100" అని యున్నచో అది 75 క్వింటాళ్లా, 40 క్వింటాళ్లా? కుంచమనగా ధాన్యపు కొలతయు నగును, నేల కొలతయు నగును. పుట్టి ప్రాంతమును బట్టి మాఱును.

కాలమును గూర్చిన గడులును ఇట్టివే. "పంట: 1" అనగా సార్వా యని, "2" అనగా దాళ్వా యని కొందఱు వ్రాయుదురు, అది సర్వత్ర ఒకటే యనుటకు వీలులేదు. "సంవత్సరము: 1434" అని యున్నచో అది ఫసలీ, 2024 జూలై 1 నుండి 2025 జూన్ 30 వఱకు. "2024" అని యున్నచో ఏప్రిల్ మొదలు మార్చి వఱకు నడచు సంఘపు లెక్కల సంవత్సరమా, జనవరి మొదలు డిసెంబరు వఱకు నడచు సామాన్య సంవత్సరమా? జిల్లా గడి కూడ మాఱినది. 2022 ఏప్రిల్ 4 న క్రొత్త జిల్లాలు ఏర్పడుటతో, అంతకు మునుపు తూర్పు గోదావరి యని వ్రాసిన గ్రామములు కొన్ని కాకినాడ జిల్లాలోను, కొన్ని కోనసీమ జిల్లాలోను చేరినవి. పాత సంకేతమునకు ఏ తేదీవఱకు ఏ అర్థమో నిఘంటువు చెప్పవలెను.

మొదటి మెట్టు: యంత్రమునే అడుగుట

నిఘంటువును మొదటి అక్షరమునుండి చేతితో వ్రాయనక్కఱలేదు. దానిలో సగము యంత్రమునొద్దనే కలదు. 1970 లో ఐ.బి.ఎమ్. సంస్థకు చెందిన ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు లెక్కలను పట్టికలుగా నుంచు సంబంధాత్మక పద్ధతిని ప్రతిపాదించెను. 1985 లో ఆయన ప్రకటించిన నియమములలో ఒకటి యేమనగా, డేటాబేసు తన నిర్మాణపు వివరములను కూడ సామాన్య పట్టికలవలెనే దాచవలెను. సామాన్య పట్టికలను అడిగిన భాషతోనే వానిని అడుగుటకు వీలుండవలెను. అనగా బీరువాలో ఏయే రిజిస్టరులున్నవో, వానిలో ఏయే గడులున్నవో చెప్పు జాబితా ఆ బీరువాలోనే యొక రిజిస్టరుగా నుండవలెనన్నమాట.

1992 నాటి ఎస్.క్యూ.ఎల్. ప్రమాణమున ఈ జాబితాకు ఇన్ఫర్మేషన్ స్కీమా అని పేరు పెట్టిరి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అను డేటాబేసులలో ఇది కలదు. ఒరాకిల్ నందు వేఱు పేరుతో ఇట్టి పట్టికలే కలవు. వీనిని అడిగినచో ప్రతి గడిని గూర్చి ఈ సంగతులు తెలియును: అది ఏ పట్టికలోనిది, పేరేమి, అందు అంకె యుంచుదురా, అక్షరములా, తేదీయా, ఎంత పొడవు, ఖాళీగా విడువవచ్చునా, ఏమియు వ్రాయనిచో యంత్రము దానంతట నది వేయునదేమి. పాత ఫాక్స్‌ప్రో ఫైలైనచో ఫైలు మొదటి భాగముననే గడుల పేరులు, జాతి, పొడవు దాచి యుండును. వీనినన్నిటిని చదివి పుటలుగా అచ్చొత్తి, పట్టికల సంబంధములను బొమ్మ గీసి చూపు స్కీమాస్పై వంటి ఉచిత సాఫ్టువేరులును గలవు.

ఈ పనికి ముందు రెండు నియమములు పాటింపవలెను. నడుచుచున్న డేటాబేసుకు ఒక నకలు తీసి, ఆ నకలుమీదనే పనిచేయవలెను. పనిచేయువానికి చదువు అనుమతి మాత్రమే యుండవలెను; దిద్దు అనుమతి యుండరాదు. నిఘంటువు వ్రాయబోయి లెక్కను చెఱుపుట పొలము కొలువబోయి గట్టు తవ్వుట వంటిది.

రెండవ మెట్టు: గడిలోని సరకును చూచుట

యంత్రము "స్టాట్ అను గడిలో ఒక అంకె యుండును" అని చెప్పి యూరకుండును. ఏయే అంకెలున్నవో మనము వెదకవలెను. ప్రతి గడికి ఈ ప్రశ్నలు వేయుట మంచిది. మొత్తము వరుసలెన్ని? ఖాళీలెన్ని? వేఱువేఱు విలువలెన్ని? అన్నిటికంటె చిన్నదేది, పెద్దదేది? తఱచుగా వచ్చునదేది?

ఇట్లు చూచినపుడు వింతలు బయటపడును. గడువు తేదీ గడిలో 01-01-1900 అని అనేక వరుసలలో కనబడవచ్చును. అది తేదీ కాదు. తేదీ తెలియక ఖాళీగా విడిచినపుడు యంత్రము వేసిన అంకె. సర్వే నంబరు గడిలో "12 మార్చి" అని కనబడవచ్చును. అది 12/3 అను సబ్‌డివిజను నంబరు. ఎక్సెల్ వంటి పట్టికలోనికి ఎక్కించునపుడు అది తేదీగా మాఱిపోయినది. అందుచేత సర్వే నంబరును అక్షరముల గడిగానే యుంచవలెనని నిఘంటువులో వ్రాయవలెను. 0 వేఱు, ఖాళీ వేఱు అనుటయు మఱువరాదు. "బాకీ: 0" అనగా బాకీ తీఱినది. బాకీ గడి ఖాళీగా నున్నచో ఎవరును వ్రాయలేదన్నమాట. ఈ రెంటిని ఒకటిగా నెంచినచో, బాకీ ఎంతో తేలని సభ్యునిపేర బాకీ లేదని పత్రము పుట్టును.

మూడవ మెట్టు: పట్టికల బంధుత్వము

ఋణముల పట్టికలో సభ్యుని పేరు మరల వ్రాయరు. సభ్యుని నంబరు మాత్రమే వ్రాయుదురు. ఆ నంబరును పట్టుకొని సభ్యుల పట్టికలోనికి పోయినచో పేరు, గ్రామము దొరకును. సభ్యుల పట్టికలో ఒక్కొక్కరిని విడదీసి గుర్తించు నంబరును ప్రైమరీ కీ అనియు, ఋణముల పట్టికలోనుండి దానివైపు చూపు నంబరును ఫారిన్ కీ అనియు అందురు. ఈ బంధుత్వమును యంత్రమునకు ముందే తెలిపి యున్నచో అది జాబితాలో చూపును. తెలుపకయే పట్టికలు కట్టిన చోట్ల మనమే కనిపెట్టవలెను.

ఇచ్చట చేయదగిన పరీక్ష యొకటి కలదు. ఋణముల పట్టికలోని ప్రతి సభ్యుని నంబరును సభ్యుల పట్టికలో వెదకవలెను. దొరకని నంబరులున్నచో అవి యజమాని తెలియని ఋణములు. అట్టివాని జాబితాను కార్యదర్శి చేతికీయవలెను. క్రొత్త యంత్రములోనికి మార్చిన పిమ్మట కనబడుటకంటె ముందుగా కనబడుట మేలు.

నాలుగవ మెట్టు: తెలిసినవారిని అడుగుట

ఇంతవఱకు చేసినదంతయు యంత్రము సాయముతో ఒకటి రెండు దినములలో ముగియును. అసలు పని ఇక్కడనుండి మొదలగును. ఏలయన, గడికి పేరు, పొడవు యంత్రమునకు తెలియును గాని, అర్థము తెలియదు. అర్థము మనుష్యులయొద్ద నున్నది: పాత గుమాస్తాయొద్ద, కార్యదర్శియొద్ద, ఋణపు దరఖాస్తు ఫారములో, సంఘపు ఉపనిబంధనలలో, కట్టుబడి చేసిన రసీదులలో, ఆ రసీదులు దాచుకొన్న సభ్యులయొద్ద.

రెండు గడువు తేదీల గడులను తీసికొందము. "డ్యూడేట్1", "డ్యూడేట్2". రెండును తేదీలేయని యంత్రము చెప్పును. 1996 నవంబరు 6 న వచ్చిన తుపాను యానామును, కోనసీమను ఎట్లు దెబ్బతీసినదో పెద్దలెఱుగుదురు. అట్టి విపత్తుల పిమ్మట పంట ఋణముల గడువు పొడిగించుట, స్వల్పకాలిక ఋణమును మధ్యకాలిక ఋణముగా మార్చుట కలదు. కావున ఒక తేదీ ఋణమిచ్చిననాటి గడువు, రెండవది పొడిగించిన గడువు కావచ్చును. ఏది యేదియో గుమాస్తా చెప్పవలెను. ఒక పాత ఋణపు కాగితముతో దానిని సరిచూడవలెను.

దీనిలో సభ్యునికి పోవునదేమి యందురేని, కేంద్ర ప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకము క్రింద స్వల్పకాలిక పంట ఋణమునకు 7 శాతము వడ్డీ. గడువులోపల తీర్చినవారికి మఱి 3 శాతము తగ్గి 4 శాతమే పడును. లక్ష రూపాయల ఋణముపై ఏడాదికి 7,000 రూపాయలకును 4,000 రూపాయలకును భేదము 3,000 రూపాయలు. పొడిగించిన గడువులోపల చెల్లించిన రైతును, క్రొత్త యంత్రము మొదటి గడువును చూచి ఎగవేతదారుగా నెంచినచో, అతనికి రావలసిన రాయితీ పోవుటయేగాక, మఱుసటి పంటకు ఋణము పుట్టుటయు కష్టమగును. గడి పేరు కెదురుగా ఒక పంక్తి వ్రాసి యున్నచో ఇంత దూరము రాదు.

"రైతు పేరు" అను గడియు నిట్లే ప్రమాదకరము. అడంగలులో పట్టాదారునకు ఒక గడి, అనుభవదారునకు వేఱొక గడి కలవు. సంఘపు పట్టికలో రైతు పేరని ఒక్క గడియే యున్నచో, ఆ పేరు నేల యజమానిదా, కౌలుకు చేయువానిదా? ఋణము, ఎరువులు, పంట నష్టపు సాయము ఎవరికి చేరవలెనో ఈ గడి అర్థముపై నాధారపడి యుండును. కౌలుదారులు అనేకులున్న మన డెల్టాలో దీనిని వ్రాయక విడుచుట తగదు.

అడుగునపుడు ఒక జాగ్రత్త. ఇద్దఱు రెండు తీరులుగా చెప్పినచో నచ్చినదానిని వ్రాయరాదు. రెండును వ్రాసి, కాగితముతో సరిచూచి తేల్చవలెను. తేలనిచో "తేలలేదు" అని తేదీతో వ్రాయవలెను. అర్థము తేలలేదని వ్రాసిన పంక్తియు నిఘంటువులో విలువగలదే. చుక్క పెట్టి విడుచుటకంటె అది ఎంతో మేలు.

నిఘంటువు పుట నమూనా

ప్రతి గడికి ఈ క్రింది వివరములుండిన చాలును. సంఖ్యలు, విలువలు నమూనాకై వ్రాసినవి.

పట్టిక: భూముల పట్టిక.
యంత్రములోని గడి పేరు: ఎక్స్‌ట్.
తెలుగు పేరు: సాగు విస్తీర్ణము.
అర్థము: ఋణము కోరిన పంటను వేసిన నేల మాత్రమే, పట్టాలోని మొత్తము నేల కాదు.
కొలత: హెక్టారులు, రెండు దశాంశములు.
జాతి, పొడవు: అంకె, యంత్రపు జాబితానుండి.
ఉండదగిన విలువలు: 0.01 మొదలు, సున్న యుండరాదు.
ఖాళీగా నున్నచో: కొలత ఇంకను తనిఖీ కాలేదు.
ఎవరు వ్రాయుదురు: ఋణపు గుమాస్తా, దరఖాస్తు ఫారమునుండి.
ఉదాహరణ: 0.81, అనగా 2 ఎకరములు.
అర్థము ధ్రువపఱచినది: కార్యదర్శి, తేదీతో.

సంకేతములున్న గడికి వేఱొక చిన్న పట్టిక చేర్చవలెను: 1 సార్వా, 2 దాళ్వా, 9 తెలియదు, అను రీతిగా ప్రతి సంకేతమునకును అర్థమును, అది ఏ తేదీనుండి ఏ తేదీవఱకు వాడుకలో నున్నదో వ్రాయవలెను. అర్థములన్నియు తెలుగులో నుండవలెను. సభ్యుడు చదువలేని నిఘంటువు సభ్యుని కాపాడలేదు.

అర్థమును యంత్రములోనే దాచుట

ఇట్లు కూర్చిన అర్థములను పుస్తకములో మాత్రమే యుంచినచో, పుస్తకమొకచోట, యంత్రమొకచోట పడి కాలక్రమమున విడిపోవును. దీనికొక ఉపాయము కలదు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ వంటి డేటాబేసులలో ప్రతి పట్టికకును, ప్రతి గడికిని ఒక వ్యాఖ్యను తగిలించుటకు వీలున్నది. దానిని కామెంటు అందురు. తెలుగులోనే వ్రాయవచ్చును. ఒకసారి తగిలించిన వ్యాఖ్య ఆ యంత్రపు జాబితాలోనే నిలిచి యుండును. తరువాత నిఘంటువును మరల తయారుచేయునపుడు గడి పేరుతోపాటు అర్థమును దానంతట నదియే అచ్చులోనికి వచ్చును. పాత ఫాక్స్‌ప్రో ఫైళ్లకు ఈ సదుపాయము లేదు గావున, వానికి మాత్రము నిఘంటువును వేఱుగా నుంచి, ఫైళ్లతోపాటే నకలు తీయుచుండవలెను.

క్రొత్త గడి చేర్చినను, పాత గడి అర్థము మాఱినను, ఆ దినముననే నిఘంటువును దిద్దవలెను. దిద్దినపుడు పాత అర్థమును చెఱిపివేయరాదు; ఏ తేదీవఱకు చెల్లినదో వ్రాసి యుంచవలెను. ఏలయన పాత లెక్కలు పాత అర్థముతోనే వ్రాయబడినవి. ఏడాదికొకసారి, మార్చి 31 న లెక్కలు ముగించునపుడు, యంత్రమునుండి క్రొత్తగా జాబితా తీసి నిఘంటువుతో పోల్చిచూచిన యెడల, వ్యాఖ్య లేని గడులు వెంటనే బయటపడును.

కూడనివి

నిఘంటువు గడుల అర్థమును చెప్పునది గాని, సభ్యుల సంగతులను చెప్పునది కాదు. కావున ఉదాహరణలలో నిజమైన సభ్యుల పేరులు, ఆధార్ నంబరులు, బ్యాంకు ఖాతాలు, ఫోను నంబరులు వ్రాయరాదు. ఏయే గడులలో అట్టి స్వవిషయములున్నవో, వానిని చూచు అధికారమెవరికి కలదో మాత్రము వ్రాయవలెను. ఈ వివరణతో నిఘంటువు సభ్యుల గుట్టునకును కాపలా యగును.

సాఫ్టువేరు అమ్మినవారే అర్థములు తెలిసినవారని పనియంతయు వారికి వదలుటయు కూడదు. వారికి యంత్రము తెలియును. మన సార్వా, దాళ్వా, కుంచము, కౌలు వారికి తెలియవు. ఒప్పందములోనే నిఘంటువును సంఘమున కిచ్చి తీరవలెనను షరతు వ్రాయించుకొనుట పాలకవర్గపు విధి.

సభ్యులు చేయవలసినది

ఈ పని గుమాస్తాలదని సభ్యులు దూరముగా నుండరాదు. మహాజనసభలో మూడు ప్రశ్నలు వేయవలెను. మన సంఘపు డేటాబేసునకు నిఘంటువు కలదా? కలదేని అది ఏ తేదీవఱకు దిద్దబడినది? దాని అచ్చు ప్రతి కార్యాలయమున సభ్యుడు చూచుటకు వీలుగా నున్నదా? పిమ్మట ఎవరి పుట వారు అచ్చువేయించి తీసికొని, ఇంటనున్న పాత పాసుపుస్తకముతోను, రసీదులతోను పోల్చుకొనవలెను. విస్తీర్ణపు కొలత, రెండు గడువు తేదీలు, రైతు పేరు, బాకీ గడి, ఈ నాలుగింటిని ముందుగా చూడవలెను. తేడా కనబడినచో నోటిమాటతో సరిపుచ్చుకొనక వ్రాతమూలముగా అర్జీ యిచ్చి, దానికి రసీదు పుచ్చుకొనవలెను.

పెద్దవారైన సభ్యులకును, విరమించిన గుమాస్తాలకును మా ప్రత్యేక మనవి యేమనగా, పాత రిజిస్టరులలోని కుదింపులు, గుర్తులు, సంకేతములు మీకు తెలిసినవి. ఈ యేడాదియే సంఘమునకు వచ్చి వానిని ఒక కాగితముపై వ్రాయించి చేవ్రాలు చేయుడు. యంత్రములు మాఱుచుండును, సాఫ్టువేరులు మాఱుచుండును. మీరు చెప్పి వ్రాయించిన అర్థము మీ మనుమల పొలమునకు గట్టువలె నిలుచును.